మక్కు ఆరేలోగా

మీ ఇంట్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. చెవి తలతో కలిసేచోట చూపుడువేలు పెట్టి మెల్లగా నిమరండి. అక్కడ అతుకు ఉంది. బొమ్మ మంచిదైతే వేలికి తగలదు. ఏనుగు ఒళ్లు వేరు, చెవులు వేరు, పైన అంబారీ వేరు, అంబారీలో కూర్చున్నవాళ్లు వేరు, మెడ మీద మావటి వేరు. అన్నీ విడివిడిగా చెక్కి, జిగురుతో అతికి, అతుకు మీద మక్కు పెట్టి, ఆరనిచ్చి, ఆకురాయితో అరగదీసి, ఒకే కొయ్యలోంచి పుట్టినట్టు చేసినవి.

మక్కులో పెద్ద రహస్యమేమీ లేదు. చింతగింజల పిండితో చేసిన జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపి మెత్తగా ముద్ద చేస్తారు. బొమ్మ చెక్కుతుంటే రాలిన పొట్టే తిరిగి బొమ్మలోకి వెళుతుంది. కొండపల్లిలో నేను వెళ్లిన ఇంట్లో అది కొబ్బరిచిప్పలో ఉంది. దాన్ని వేలికొసతో తీసి ఎద్దు మెడ దగ్గర అతుకులో కూరుతున్నది నాలుగో తరగతి చదివే పాప. పక్కన తల్లి రంగు వేస్తోంది. గుమ్మం బయట నీడలో తండ్రి బాడిసతో కొయ్య చెక్కుతున్నాడు. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. పెద్దవాళ్లిద్దరూ సంపాదనలో ఉన్నారు. పాప చదువులో ఉంది. మధ్యలో గోడ లేదు.

కొండపల్లి బొమ్మ పనితనం గురించి చాలామంది రాశారు. ఆ బొమ్మ తయారయ్యే ఇంటి పనితనం గురించి రాయాలని నాకు చాలాకాలంగా కోరిక. ఈమధ్య బెజవాడలో పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదివించుకుందామా అని ఆలోచించే తల్లిదండ్రులు అక్కడక్కడ తగులుతున్నారు. ఆ మాట ఎత్తగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మరి ఉద్యోగం ఎప్పుడు చేస్తారు? న్యాయమైన ప్రశ్న. ఒకరి జీతంతో ఇల్లు నడవని రోజులు ఇవి. ఇంట్లో పిల్లలకి నేర్పడం, ఇంటి నుంచే సంపాదించడం, ఈ రెండూ ఒకదాన్నొకటి మింగకుండా ఎలా సాగుతాయి? దీనికి కొత్త పుస్తకాల్లో జవాబు వెతికేవాళ్లకి నేను చెప్పేది, బెజవాడ నుంచి 20 కిలోమీటర్లు వెళ్లి రమ్మని. భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటితే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ పక్కనే కొండ, కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట, కింద ఊరు. కోట చూడటానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ముందు బొమ్మల కాలనీకి వెళ్లాలి.

పని వరస చెబితేగాని అసలు సంగతి అర్థం కాదు.

బొమ్మకి వాడే కొయ్య తెల్లపొణికి. చుట్టుపక్కల కొండల అడవుల్లో పెరిగే చెట్టు. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, అంత తేలిక. గోరు గుచ్చితే గాటు పడుతుంది, అంత మెత్తన. అందుకే ఉలికి ఎదురు తిరగదు. తెలంగాణలో నిర్మల్ బొమ్మలకి వాడేదీ ఈ పొణికినే. మన విశాఖ వైపు ఏటికొప్పాకలో మాత్రం అంకుడు కర్రని తరిణ పట్టి, లక్క రంగు పూస్తారు. అక్కడ యంత్రం తిరుగుతుంటే బొమ్మ గుండ్రంగా వస్తుంది. కొండపల్లిలో ఏదీ తిరగదు, చెయ్యే కదలాలి. మనిషి ముక్కు, ఎద్దు డొక్క, తాటాకు మడతలు తరిణ మీద వచ్చేవి కావు.

పచ్చి పొణికిని వెంటనే చెక్కకూడదు. తడి ఉంటే తర్వాత బీట ఇస్తుంది, పురుగు పడుతుంది. ఎండలో పెట్టి, సన్నని సెగ చూపించి, లోపలి తేమ అంతా లాగేయాలి. తర్వాత రంపంతో ముక్కలు కోసి, బాడిసతో ఆకారం తెచ్చి, ఉలితో వివరాలు తీస్తారు. ముక్కలు అతికాక ఆరాలి. మక్కు పెట్టాక ఆరాలి. అరగదీసి తెల్ల సుద్ద పూత వేశాక ఆరాలి. అడుగు రంగు వేశాక ఆరాలి. ఆపైన చీర అంచులు, నగలు, మీసం, కనుబొమలు వేశాక ఆరాలి. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. కొయ్య, జిగురు, మక్కు, సుద్ద, అడుగు రంగు, పై రంగు. ఆరుసార్లు ఆరాలి.

ఇక్కడే నాకు మొదట పొరపాటు అభిప్రాయం కలిగింది. ఆరేవరకు పెద్దవాళ్లకి చెయ్యి ఖాళీ, ఆ ఖాళీలో పిల్లలకి పాఠం చెబుతారు కాబోలు అనుకున్నాను. రెండు పూటలు కూర్చుంటే తెలిసింది, చెయ్యి ఖాళీ అన్నదే లేదు. ఒక వరస ఆరుతుంటే ఇంకో వరస మీద పని. డజను ఎడ్లబండ్లకి మక్కు ఆరుతుంటే డజను తాటిచెట్లకి సుద్ద పూస్తారు. మరి పిల్లలకి తల్లి దొరికేది ఎప్పుడు?

ఆమె చెయ్యి ఖాళీ ఉండదు, కాని చెవి ఖాళీ అవుతుంది. అదీ కిటుకు. ఈ పనిలో రెండు రకాల పని ఉంది. పన్నెండు ఎడ్లకి వరసగా తెల్లరంగు పూయడం ఒక రకం. చెయ్యి దానంతటది పోతుంది, మనసు అక్కర్లేదు. ఆ వేళ పాప పక్కన కూర్చుని ఎక్కం అప్పజెబుతుంది, పద్యం చదువుతుంది, బళ్లో జరిగిన తగాదా చెబుతుంది. తల్లి తల ఎత్తకుండానే తప్పు దిద్దుతుంది. రెండో రకం, సన్న కుంచెతో కన్ను వేయడం. మేక వెంట్రుకలు నాలుగు కలిపి కట్టినంత సన్నటి కుంచె. ఆ చుక్క అర నూలు అటు జరిగితే కృష్ణుడు మెల్లకన్ను వాడవుతాడు. ఆ వేళ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఎవరూ ఎవరినీ ఉష్ అనరు కూడా. తల్లి కుంచె మార్చడం పాప చూస్తుంది. లావు కుంచె పక్కన పెట్టి సన్న కుంచె అందుకుందంటే ఇక అడగకూడదు. ఆ చుక్కలన్నీ అయి, తల్లి నడుం వెనక్కి విరిచి ఒకసారి ఊపిరి వదిలాక, "అమ్మా, ఇంతకీ ఆ లెక్క..." అని మళ్లీ మొదలవుతుంది.

అడగొచ్చే వేళ, అడగకూడని వేళ. ఈ రెండింటికి మధ్య గీత పిల్లకి కళ్లతో కనపడుతోంది. నేను చూసిన పనితనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసినప్పుడు బెజవాడలో మా వీధి ఇళ్లన్నీ ఒక్కసారిగా బడులయ్యాయి, ఆఫీసులూ అయ్యాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. తండ్రి ఒక గదిలో, తల్లి ఇంకో గదిలో లాప్‌టాప్ ముందు. పిల్లాడు గుమ్మంలో నిలబడి చూస్తాడు. తండ్రి తెరకేసి చూస్తున్నాడు. ముఖ్యమైన మీటింగులో ఉన్నా అదే భంగిమ, ఊరికే మెయిళ్లు తుడుస్తున్నా అదే భంగిమ. ఎప్పుడు అడగొచ్చో పిల్లాడికి తెలిసే దారి లేదు. అడిగితే కసురు, అడగకపోతే "ఇంతసేపూ ఏం చేశావ్" అన్న నిలదీత. ఆ నెలల్లో చాలా ఇళ్లలో తల్లిదండ్రులకి ఓపిక లేకపోలేదు, ప్రేమా లేకపోలేదు. వాళ్ల పనికి బయటికి కనిపించే కుంచె లేదు. అంతే తేడా.

ఈ చిన్న సంగతిని లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకోవచ్చని నా నమ్మకం. మాట్లాడే పని ఏది, ఊపిరి బిగబట్టే పని ఏది అని రోజు మొదట్లోనే విడదీసుకుని, ఊపిరి బిగబట్టే పనికి కూర్చున్నప్పుడు పిల్లలకి కనిపించేలా ఏదో ఒక గుర్తు పెట్టుకోవడం. భుజం మీద కండువా కావచ్చు, బల్ల మీద తిప్పిపెట్టిన గ్లాసు కావచ్చు. గుర్తు తీశాక మాత్రం పిల్లలకి నిజంగా దొరకాలి. తీసి కూడా దొరక్కపోతే రెండో రోజు నుంచి ఆ గుర్తుకి విలువ ఉండదు.

ఇక పాఠాల వరస చూడండి. ఏది ముందు నేర్పాలి, ఏది తర్వాత అని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. కాని చాలా జాగ్రత్తగా కట్టిన వరస అది.

ఐదారేళ్ల పిల్లలకి మొదటి పని లెక్కపెట్టడం, ఎండలో పరచడం, ఎండ జరిగితే జరపడం. డజను ఎడ్లబండ్ల ఆర్డరు వచ్చిందనుకోండి. ఎద్దులు 24, కొమ్ములు 48, చక్రాలు 24, బండి తోలేవాళ్లు 12. కొమ్ములు నలభై ఏడే ఉన్నాయంటే ఒకటి ఎక్కడో పడిపోయింది, చాప కింద వెతకాలి. ఇది పలక మీద గుణకారం లాంటిది కాదు. జవాబు తప్పితే ఒక ఎద్దుకి ఒంటికొమ్మే మిగులుతుంది. ఆ తర్వాత గరుకు కాగితంతో నున్నగా రుద్దడం. ఎక్కువ రుద్దినా నష్టం తక్కువే. తర్వాత మక్కు. ఎక్కువ కూరితే గీకేయొచ్చు, తక్కువైతే ఇంకాస్త పెట్టొచ్చు. తర్వాత సుద్ద పూత. చారలు పడితే ఇంకో పూత. తర్వాత అడుగు రంగు. ఆకురాయి, ఉలి, బాడిస పెద్దయ్యాకే. కళ్లు అన్నిటికన్నా ఆఖర్న.

ఈ వరసని నేను మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. సులువు నుంచి కష్టానికి అని పైపైన అనిపిస్తుంది. అది కాదు సూత్రం. లెక్కపెట్టడం కంటే రుద్దడం సులువే, ఆ మాటకొస్తే. సూత్రం ఏమిటంటే, తప్పు చేస్తే దిద్దుకోగలిగిన పని ముందు, దిద్దుకోలేనిది చివర. మక్కుని గీకి మళ్లీ పెట్టొచ్చు, పోయేది చింతగింజల పిండి, పొట్టు. ఉలి జారితే పొణికి ముక్క పోయింది, ఆ ముక్క మీద తండ్రి పెట్టిన పూట పోయింది. పొణికి ఇప్పుడు అడవిలో అంత విరివిగా దొరికే కొయ్య కాదు. నేర్చుకునే పిల్ల తప్పు చేసి తీరుతుంది, చేయకుండా ఎవరూ నేర్చుకోలేదు. ఆ తప్పు ఇంటి సంపాదన మీద పడకుండా, పిల్ల మనసు మీదా పడకుండా పనులు పేర్చారు. పిల్లకి నేర్పడానికి పని ఆపక్కర్లేదు, పని కోసం నేర్పడం మానక్కర్లేదు. ఇంట్లో చదువు, ఇంట్లో సంపాదన కలిసి నడవడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా గట్టి ఏర్పాటు లేదు.

పాప పెట్టిన మక్కు మీద తల్లి ఒకసారి బొటనవేలు పోనిస్తుంది. ఒక చోట ఆగుతుంది. ఏమీ అనదు, బొమ్మని పాప చేతికి తిరిగి ఇస్తుంది. పాప అదే చోట తన వేలు పెట్టి చూసుకుంటుంది. చిన్న గుంట తగులుతుంది. కొబ్బరిచిప్పలోంచి ఇంకాస్త మక్కు. మార్కులు లేవు, ఎర్ర సిరా లేదు, పక్కింటి పిల్లతో పోలిక లేదు. తప్పు ఎక్కడుందో వేలు చెప్పింది. పరీక్ష పేపరు దిద్దే పద్ధతుల గురించి నేను చదివినవన్నీ ఆ ఒక్క క్షణం ముందు నాకు వెలవెలబోయాయి.

అసలు ఆ ఇంట్లో పాఠ్యపుస్తకాలు కూడా కొయ్యవే. దశావతారాల సెట్టు చేసే ఇంటి పిల్లకి వామనుడి చేతిలో గొడుగు, పరశురాముడి చేతిలో గొడ్డలి, బలరాముడి భుజాన నాగలి అక్షరాల కన్నా ముందే తెలుసు. ఏది ఏ చేతిలో అతకాలో తెలియకపోతే పని జరగదు కదా. ఊరి బొమ్మల సంగతి ఇంకా బాగుంటుంది. తాటిచెట్టు ఎక్కే కల్లుగీత మనిషి, ఎడ్లబండి, పల్లకి, ఆవూ దూడా. ఈ డెల్టాలో జనం బతికిన తీరంతా ఆ బొమ్మల్లో ఉంది. గీత మనిషి నడుముకి కట్టుకున్న మోకు ఎందుకు, కాళ్లకి బంధం ఎందుకు అని పాప అడగకుండా ఉండదు. అడిగితే అది చెట్టు గురించి, బరువు గురించి, పట్టు గురించి పాఠం. బళ్లో దాన్నే ఘర్షణ అంటారు. మన సంక్రాంతి కొలువులో ఇవన్నీ మెట్ల మీద అందంగా నిలబడతాయి. వాటి వెనక ఎన్ని ప్రశ్నలు, ఎన్ని జవాబులు గడిచాయో కొన్నవాళ్లకి తెలియదు.

కొండపల్లి ఒక్కటే ఇలా అనను. పెడనలో కలంకారీ అద్దకం చేసే ఇళ్లున్నాయి, మంగళగిరిలో మగ్గం ఉన్న ఇళ్లున్నాయి. కండె చుట్టడం దగ్గర మొదలై గుంటమగ్గం ఎక్కేదాకా వాళ్లకీ ఒక వరస ఉంది. మొవ్వ దగ్గర కూచిపూడిలో అయితే ఇల్లే నాట్యశాల. సత్యభామ వేషానికి దేశమంతా పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారు 1935లో ఆ ఊళ్లోనే పుట్టి, అక్కడి పెద్దల దగ్గరే నేర్చుకున్నారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. కాని ఆట నేర్పడానికి ఆడేవాళ్లు ఆట ఆపాలి, మేళం ఊరూరా తిరుగుతుంటే ఇంటి దగ్గర పిల్లలు పెద్దల కోసం ఎదురుచూడాలి. కొండపల్లి పనిలో పని ఆగదు, పెద్దలు ఊరు వదలరు. అందుకే నా దృష్టి ఇక్కడ నిలిచింది.

చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న ఆలోచన దేశం ముందుకి పెద్ద ఎత్తున వచ్చింది 1937 అక్టోబరులో. వార్ధా సభలో గాంధీజీ నయీ తాలీం ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యక్రమం కట్టింది. తకిలి తిప్పుతూ లెక్కలు, పత్తి చేను నుంచి భూగోళం. అప్పుడు వచ్చిన గట్టి విమర్శ ఒకటుంది. పిల్లలు చేసినది అమ్మి బడి ఖర్చు రాబట్టాలంటే బడి కార్ఖానా అయిపోతుందని. ఆ భయం నిజమైనదే. కొండపల్లి ఇంటికి కూడా ఆ భయం వర్తిస్తుంది, దాచను. దసరాకి, సంక్రాంతికి ముందు ఆర్డర్లు మీదపడతాయి. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దేశంలోని బొమ్మల ఊళ్లని తలుచుకుంటూ కొండపల్లి పేరు చెప్పారు. ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గిరాకీ పెరగడం మంచిదే. పెరిగిన రోజున మాత్రం నేర్పడానికి ఇచ్చిన మక్కు చిప్ప ఎప్పుడు పని అప్పగించిన చిప్పగా మారిపోతుందో ఇంట్లోవాళ్లకే తెలియకపోవచ్చు.

నేర్పడానికీ, పని చేయించడానికీ మధ్య గీత ఎక్కడుందో చట్టం చెప్పింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు కుటుంబం చేసే పనిలో సాయం చేయొచ్చు. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో మాత్రమే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ల వరకు పిల్లలకి బడి హక్కు. నేను చూసిన ఇంట్లో గీత సరిగ్గానే ఉంది. సోమవారం నుంచి శనివారం వరకు పాప బడికి వెళుతుంది. ఎనామిల్ రంగుల డబ్బాల దగ్గరికి రానివ్వరు, ఆ వాసన పిల్లలకి మంచిది కాదని. ఉలి అసలు ఇవ్వరు. పాప సంచి గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది, దాని మీద పొట్టు పడకుండా పాత చీర ముక్క కప్పి ఉంది. ఆ చీర ముక్క నాకు ఆ ఇంటి గురించి చాలా చెప్పింది.

బడి పూర్తిగా మానిపించి ఇంట్లో చదివించే తల్లిదండ్రులకి కూడా ఈ గీత అవసరమే అంటాను. ఇంటిబడి గురించి విద్యాహక్కు చట్టం ప్రత్యేకంగా మాట్లాడదు. పదో తరగతి పరీక్షకి 14 ఏళ్లు నిండాక సార్వత్రిక విద్యాపీఠం ఉంది, జాతీయ స్థాయిలోనూ, మన రాష్ట్రంలోనూ. దారి ఉంది. కాని ఇంట్లో పెద్దల పని పిల్లల చదువుని మెల్లగా తినేయకుండా ఎవరు చూస్తారు? బళ్లో అయితే గంట కొడతారు. ఇంట్లో ఆ గంట తల్లిదండ్రులే కొట్టుకోవాలి, తమ సంపాదనకి అడ్డొచ్చిన రోజున కూడా.

పాప తండ్రిని ఒక మాట అడిగాను, పాప పెద్దయ్యాక ఈ పనే చేస్తుందా అని. చెక్కడం ఆపలేదు ఆయన. "చదువుకోనీయండి సార్. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు" అన్నారు. తనకి పని మీద ఎంత గౌరవమో బాడిస పట్టిన తీరులో కనిపిస్తోంది. బిడ్డని ఈ పనికి కట్టేయాలన్న ఆశ మాత్రం మాటలో లేదు. బొమ్మకి వచ్చే డబ్బు, దాని మీద పెట్టిన రోజులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన్ని తప్పుపట్టలేను. ఆర్యక్షత్రియ కుటుంబాలు ఈ పనిలో తరతరాలుగా ఉన్నాయి, తమ పూర్వికులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు చాలామంది ఇంజనీరింగ్ వైపు, ఉద్యోగాల వైపు వెళ్లిపోతున్నారు. వెళ్లడం తప్పు కాదు. ఇంత బాగా నేర్పగల ఇంటికి తన పని మీద బతకగల ధర దొరక్కపోవడం తప్పు. ఆ తప్పు ఆ ఇంటిది కాదు, కొనే మనది.

ఇక్కడ బెజవాడ తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాలి. మన ఊళ్లో చదువంటే హాస్టలు, స్టడీ అవరు, ర్యాంకు. పిల్లలకి మన పని ఏమిటో తెలియదు. బ్యాంకులో ఏదో, ఆఫీసులో ఏదో, అంతవరకే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనం దేని మీద మనసు పెడతామో వాళ్లు ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటిబడి పెట్టినా పెట్టకపోయినా, వారానికి ఒక పూట మన పని వాళ్లకి కనపడేలా చేయొచ్చు. కిరాణా కొట్టు లెక్క రాసేవాళ్లు రాయించుకోవచ్చు. కుట్టుపని చేసేవాళ్లు గుండీలు ఇవ్వొచ్చు. బిల్లులు చూసేవాళ్లు పాత బిల్లుల కూడికలు ఇవ్వొచ్చు. ఒకటే షరతు, మొదట ఇచ్చేది తప్పినా దిద్దుకోగలిగిన పని కావాలి. అసలు ఖాతా పుస్తకం ఇచ్చి తర్వాత కసిరితే అది నేర్పడం కాదు.

నేను లేచేసరికి ఎడ్ల మీద మక్కు ఆరిపోయింది. పాప ఒక ఎద్దుని తీసి చెంపకి ఆనించుకుంది. తడి ఉంటే చల్లగా ఉంటుందట, ఆరితే ఉండదట. "ఆరింది తాతయ్యా" అని లోపలికి కేక వేసింది. లోపల్నుంచి పెద్దాయన వచ్చి, ఆకురాయి తీసుకుని, చాప మీద పాప పక్కనే కూర్చున్నారు.

బొమ్మ కొనాలనుకుంటే దుకాణం దాకా ఆగిపోకుండా బొమ్మల కాలనీలోకి వెళ్లండి. చేసిన ఇంటివాళ్ల చేతికే డబ్బివ్వండి, బేరం పెట్టకండి. మీ పిల్లల్ని వెంట తీసుకెళ్లి ఒక గంట ఊరికే కూర్చోనివ్వండి. పొద్దున్నే వెళ్లాలి. వానాకాలం వద్దు, ముసురు పట్టిందంటే అక్కడ ఏదీ ఆరదు, పనంతా ఆగిపోతుంది.